లినక్స్ డెస్క్‌టాప్‌లో తెలుగు: వాడుకరుల ఫిర్యాదులు

గ్నోమ్, కేడీఈ వంటి లినక్స్ డెస్క్‌టాప్‌లను తెలుగులో వాడేవారు సుమారు 2005 నుంచి చెబుతూ వచ్చిన ఇబ్బందులు ఈ వ్యాస విషయం. మెనూలు, బటన్ల అమరికపై గొడవ ప్రపంచమంతటా ఉన్నదే. తెలుగువారి ఫిర్యాదులు చాలావరకు అంతకంటే కింది పొరలోవి: అక్షరం కొట్టడం, అది తెరపై సరిగా కూడటం, దాచుకున్న ఫైలు మళ్లీ దొరకడం. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి 2016 అక్టోబరు 11న వేరుపడిన జిల్లాల్లో మూడింటి పేర్లు (గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్) ఈ ఇబ్బందులకు చక్కని పరీక్ష పదాలు. అందుకే ఇక్కడి ఉదాహరణలు వాటి నుంచే తీసుకున్నాం.

నేపథ్యం

తొలి తెలుగు లినక్స్ ఏదన్న విషయంలో కథనాలు కలవవు. స్వేచ్ఛ సంస్థ 2005లో విడుదల చేసినదే తొలిదని ఎక్కువగా వినిపిస్తుంది. అంతకుముందు ఇండ్‌లినక్స్ గొడుగు కింద జరిగిన పనినీ లెక్కలోకి తీసుకోవాలనేవారున్నారు. ఈ వాదం కంటే గ్నోమ్ అనువాద ఫైళ్ల తలభాగాలు చూడటం మేలు. ప్రజాశక్తి, స్వేచ్ఛ స్థానికీకరణ బృందాల పేర్లు, ఆ తర్వాత రెడ్ హ్యాట్ తరఫున పనిచేసినవారి పేర్లు వాటిలో వరుసగా కనిపిస్తాయి. పని ఇన్ని చేతులు మారడం వల్లే ఒక ప్రోగ్రాములో ‘ఫైలు’ అని ఉన్నది పక్క ప్రోగ్రాములో ‘దస్త్రం’ అయింది. మెనూ మాటల పక్కన బ్రాకెట్లో షార్ట్‌కట్ కోసం రోమన్ అక్షరం మిగిలిపోవడం కూడా ఆ కాలపు గుర్తే.

ప్రభుత్వ రంగంలో సీ-డాక్ చెన్నై కేంద్రం రూపొందించిన బాస్ లినక్స్ 2007లో వచ్చింది. తెలుగుతో సహా భారతీయ భాషలకు వీలు కల్పించడం దాని ఉద్దేశాల్లో ఒకటి.

గ్నోమ్ 3

2011 ఏప్రిల్‌లో వచ్చిన గ్నోమ్ 3 కింది పట్టీని, కిటికీని కిందికి దించే బటన్‌ను తీసేసింది. కంప్యూటర్ ఆపే ఆదేశం కనబడాలంటే ఆల్ట్ కీ నొక్కి పట్టుకోవాల్సి వచ్చింది. వాడుకరుల నిరసన గట్టిగానే వచ్చింది. పాత గ్నోమ్‌నే కొనసాగించే ‘మాటే’ (MATE) డెస్క్‌టాప్, లినక్స్ మింట్ వారి సినమన్ ఆ ఏడాదే మొదలయ్యాయి. ఆపే ఆదేశం 2012లో, పాత తరహా అమరిక 2013లో గ్నోమ్‌లోకే తిరిగి వచ్చాయి. ఫిర్యాదు పనిచేసిన సందర్భంగా దీన్ని తరచు చూపుతారు. కానీ అడిగినవారు వేలల్లో ఉన్నారని, అడిగింది తయారీదారులకు అర్థమయ్యే భాషలోనేనని మరవకూడదు. తెలుగు ఫిర్యాదుకు ఆ రెండు అనుకూలతలూ లేవు.

అక్షరాల కూర్పు

గద్వాలలో ‘ద్వ’, వనపర్తిలో ‘ర్త’ అనే సంయుక్తాక్షరాలున్నాయి. కంప్యూటర్‌లో ఇవి హల్లు, పొల్లు గుర్తు, మరో హల్లు అనే మూడు సంకేతాలు. వాటిని కలిపి వత్తుగా దించే పని కూర్పు ఇంజన్‌ది. 2012కు ముందు గ్నోమ్ ప్రోగ్రాములకు పాంగో, కేడీఈకి క్యూటీలోని సొంత ఇంజన్, ఓపెన్ఆఫీస్‌కు ఐసీయూ ఉండేవి. ఒకే ఫాంటులో ఒకే పదం ఒకచోట సరిగా, మరోచోట విడివిడిగా కనబడేది. తప్పు ఫాంటుదని ఒకరు, ఇంజన్‌దని మరొకరు అనడంతో ఫిర్యాదు ఎక్కడా నిలిచేది కాదు. హార్ఫ్‌బజ్ ఇంజన్‌ను 2012లో పాంగో, 2013లో లినక్స్‌పై లిబ్రెఆఫీస్ చేపట్టాక ఈ తేడాలు చాలావరకు పోయాయి. తెలుగు వాడుకరికి ఇంతకంటే పెద్ద మేలు ఏ విడుదలా చేయలేదని చెప్పవచ్చు.

కనిపించని అక్షరం

నాగర్‌కర్నూల్ సంగతి వేరు. ఇందులో ‘ర్’, ‘క’ కలవకూడదు. ఆ వెంటనే వచ్చే ‘ర్న’ మాత్రం కలవాలి. ఏమీ చేయకుండా వరసగా కొడితే ‘నాగర్కర్నూల్’ వస్తుంది. ‘ర్’ తర్వాత కలయికను ఆపే, తెరపై కనిపించని ఒక అక్షరాన్ని చొప్పించాలి. దానికి కీ ఎక్కడుందో చాలామంది కొత్తవారికి తెలియదు. అందుకే కొందరు ఖాళీ వదిలి ‘నాగర్ కర్నూల్’ అని రెండు మాటలు చేస్తారు, కొందరు ‘నాగరుకర్నూలు’ అంటారు.

అసలు చిక్కు వెతుకులాటలో వస్తుంది. అక్షరం ఉన్న పేరును, లేని పేరును ఫైల్ వ్యవస్థ రెండు వేర్వేరు పేర్లుగా చూస్తుంది. కొన్ని టైపింగ్ సాధనాలు పదం చివరి పొల్లు తర్వాత కూడా దీన్ని పెడతాయి. అప్పుడు ఒకే సంచి (ఫోల్డరు)లో చూడటానికి అచ్చంగా ఒకేలా ఉండే రెండు ‘నాగర్‌కర్నూల్’లు ఉండవచ్చు, వెతికితే ఒకటే దొరుకుతుంది. దోషం కంటికి కనబడదు కనుక ఫిర్యాదు రాయడమూ కష్టమే. మిగతా చిక్కులన్నిటికంటే ముందు తీరాల్సింది ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. వెతికేటప్పుడు ఆ అక్షరాన్ని పట్టించుకోకుండా పోల్చే పద్ధతి యూనికోడ్ వరుసక్రమ నియమాల్లో ఉంది. ప్రోగ్రాములు దాన్ని వాడుకోవాలి. ఈ అక్షరం తేలికైనది కాదనడానికి లినక్స్ బయట కూడా సాక్ష్యం ఉంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఐఫోన్లను కుప్పకూల్చినప్పుడు ఆ సంకేతాల వరుసలో ఇదీ ఉంది.

కీబోర్డులు, ఫాంట్లు

పట్టణాల్లోని డీటీపీ షాపుల్లో ఏళ్ల తరబడి చేయి తిరిగినది విండోస్‌పై అను ఫాంట్లు, యాపిల్ కీబోర్డు అమరిక. లినక్స్‌లో ముందుగా ఎదురయ్యేది ఇన్‌స్క్రిప్ట్ అమరిక. యాపిల్, పోతన, ఆర్టీఎస్ అమరికలు ఎం17ఎన్ అనే కీబోర్డు అమరికల సంగ్రహంలో ఉన్నా, ఐబస్ అనే టైపింగ్ సాధనం ద్వారా విడిగా చేర్చుకోవాలి. అను ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు కాబట్టి అలాగే తెరిస్తే అర్థంలేని గుర్తులే వస్తాయి. పాత పెళ్లి పత్రికలు, కరపత్రాలు అన్నీ అందులోనే ఉన్నవారు లినక్స్ వైపు రాకపోవడానికి ఇది చాలు.

ఫాంట్ల కొరత మాత్రం తీరింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్ల తర్వాత సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో డెబియన్‌లోకీ చేరాయి. వాటిలో ఒకటి సురవరం. ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా ఇటిక్యాలపాడుకు చెందిన, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి పేరు దానికి పెట్టారు. లోతైన వత్తులున్న ఫాంటు ఎంచుకుంటే ఇరుకు వరుసల్లో ‘రాష్ట్రం’ వంటి మాటల అడుగు తెగిపోవడం కొన్ని ప్రోగ్రాముల్లో ఇంకా ఉంది.

ఫిర్యాదు చేరే దారి

గ్నోమ్ ఫిర్యాదులు 2018 వరకు బగ్‌జిల్లాలో నమోదయ్యేవి, ఆ తర్వాత గిట్‌ల్యాబ్‌లో నమోదవుతున్నాయి. వ్యవహారమంతా ఇంగ్లిష్‌లోనే. తెలుగు అక్షర దోషంపై పరిష్కారం దొరికే నివేదికలో పదం బొమ్మతోపాటు దాని సంకేతాల వరుస, ఫాంటు పేరు, కూర్పు ఇంజన్ వెర్షన్ ఉండాలి. అదే పదం మరో ప్రోగ్రాములో ఎలా వస్తోందో కూడా చెబితే, తప్పు ఏ పొరలో ఉందో తయారీదారుకు వెంటనే తెలుస్తుంది.