రొట్టె మీద సుంకం



బియ్యం ధర పెరిగిందంటే ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసేది ఇల్లాలికే. దిగుమతి సుంకం అనగానే మాత్రం అదేదో రేవుల్లో అధికారుల గొడవ, మనకెందుకులే అనుకుంటాం. సుంకం కట్టేది రేవులోనే అయినా, ఆ భారం చివరికి దిగేది వంటింట్లోనే. ఇంగ్లండులో జరిగిన ఈ కథ వింటే ఆ సంగతి తెలుస్తుంది.

నెపోలియన్‌తో యుద్ధాలు జరిగినన్నాళ్లూ ఇంగ్లండుకు పైదేశాల గోధుమ సరిగా రాలేదు. ధరలు మండిపోయాయి. భూస్వాములకు కౌళ్లు పెరిగాయి. యుద్ధం ముగింపుకు వచ్చేసరికి, చవక గోధుమ వచ్చి పడుతుందని వారికి బెంగ పట్టుకుంది. పార్లమెంటులో ఎక్కువమంది వారేనాయె! 1815లో 'కార్న్ లా' అనే చట్టం చేశారు. కార్న్ అంటే మొక్కజొన్న అనుకునేరు, అక్కడ తిండిగింజలన్నిటికీ అదే మాట. దేశంలో క్వార్టరు గోధుమ, అంటే రెండు క్వింటాళ్ల పైచిలుకు, 80 షిల్లింగులకు చేరేదాకా పైగోధుమ అమ్మకూడదన్నారు. 1828లో ఈ నిషేధం తీసి సుంకం పెట్టారు. ధర తగ్గినకొద్దీ సుంకం పెరుగుతుంది. ఎటు చూసినా చవక రొట్టె దొరకదన్నమాట.

కూలివాడి సంపాదనలో పెద్ద భాగం రొట్టెకే పోయేది. రొట్టెకే డబ్బు చాలకపోతే ఇక బట్టలు కొనేదెవరు? పైదేశాల గోధుమ మనం కొనకపోతే, మన బట్ట వాళ్లెలా కొంటారని మాంచెస్టరు మిల్లుల వారూ అడగసాగారు.

1819 ఆగస్టు 16న మాంచెస్టరులో వేలాది జనం గుమిగూడి, ఓటు హక్కు కావాలని, కార్న్ లా పోవాలని కోరారు. తెల్లబట్టలు కట్టుకుని స్త్రీలూ వచ్చారు. గుర్రపు దళం కత్తులు దూసి మీదపడింది. చనిపోయినవారిలో స్త్రీలూ ఉన్నారు. వేదిక మీదున్న మేరీ ఫిల్డెస్ అనే ఆమె గాయపడింది.

తర్వాత రిచర్డ్ కాబ్డెన్, జాన్ బ్రైట్ ఉద్యమం నడిపారు. స్త్రీలకు ఓటు లేదు. అయినా తేనీటి విందులు చేశారు, కుట్టుపనులు అమ్మారు, చందాలు పోగుచేశారు. 1845లో లండనులో జరిపిన ఒక్క సంతలోనే సుమారు 25 వేల పౌన్లు వచ్చాయట!

ఆ ఏడే ఐర్లండులో బంగాళదుంప పంటకు తెగులు తగిలింది. కరువు ముంచుకొచ్చింది. ప్రధాని రాబర్ట్ పీల్ 1846లో ఆ చట్టం రద్దు చేయించాడు. సొంత పార్టీలో ఎక్కువమంది ఎదురు తిరిగారు. ప్రతిపక్షం ఓట్లతో బిల్లు నెగ్గింది, కాని పార్టీ చీలింది, ఆయన పదవీ పోయింది. ఐర్లండుకు మాత్రం ఆ మేలు అందలేదు. కొనడానికి డబ్బే లేనివారికి సుంకం తగ్గి ఏం లాభం? సుమారు పది లక్షలమంది చనిపోయారు.

అలాగని సుంకాలన్నీ చెడ్డవని కాదు. 1870ల తర్వాత అమెరికా గోధుమ వెల్లువలా వచ్చిపడి ఇంగ్లండు రైతు నిజంగానే దెబ్బతిన్నాడు. రక్షణ కావలసిన రోజులూ ఉంటాయి. అయితే ఆ రక్షణ ఎవరికి, దాని ఖరీదు ఎవరింటి గిన్నెలోంచి పోతున్నది? ఈ లెక్క అడగడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. నెలసరి పద్దు రాసే మనకు అది చేతనైన పనే.