వైద్యానికీ కంప్యూటర్‌కూ వారధి ఈ చదువు

సూర్యాపేట: ఇంటర్ ఫలితాలు వెలువడగానే బైపీసీ విద్యార్థుల ఇళ్లలో తలెత్తే ప్రశ్న ఒక్కటే. ఎంబీబీఎస్ సీటు రాకుంటే దారేది? వైద్యరంగంపై మక్కువ, కంప్యూటర్‌పై ఆసక్తి రెండూ ఉన్నవారికి బయోమెడికల్ కంప్యూటింగ్ ఒక మార్గం. అయితే గణితం విషయంలో ముందే సిద్ధపడాలి.

ఏమిటీ శాస్త్రం?: శరీరం నుంచి సేకరించిన సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించి వైద్యులకు అందించడం దీని లక్ష్యం. సీటీ స్కాన్ ఇందుకు చక్కని ఉదాహరణ. పలు కోణాల నుంచి తీసిన ఎక్స్‌రే కొలతలను గణించి అవయవాల చిత్రంగా మలిచేది కంప్యూటరే. ఈ పద్ధతికి బాట వేసిన అలన్ కార్మాక్, గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్‌లకు 1979లో వైద్యశాస్త్ర నోబెల్ లభించింది. వీరిలో కార్మాక్ భౌతిక శాస్త్రవేత్త కాగా, హౌన్స్‌ఫీల్డ్ ఇంజినీరు. సుమారు 300 కోట్ల జంటలున్న మానవ డీఎన్‌ఏ క్రమాన్ని విశ్లేషించడానికీ కంప్యూటరే ఆధారం.

ఏం బోధిస్తారు?: కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో ఈ పేరుతోనే డిగ్రీ ఉంది. అక్కడ ప్రోగ్రామింగ్‌తో పాటు జీవ, రసాయన శాస్త్రాలూ చదవాలి. మన వద్ద దీనికి దగ్గరగా ఉన్నవి బయోమెడికల్ ఇంజినీరింగ్, బయోఇన్ఫర్మేటిక్స్. మొదటిదానిలో వైద్య పరికరాలకు, రెండోదానిలో జన్యు, ప్రొటీన్ సమాచారానికి ప్రాధాన్యం ఎక్కువ.

ప్రవేశం ఎలా?: తెలంగాణ ఈఏపీసెట్ బైపీసీ కౌన్సెలింగ్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ కూడా ఉంటుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో పాటు కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్‌లో ఎంఎస్ కలిపి చదివే ద్వంద్వ డిగ్రీ ఉంది. దీనికి మాత్రం ఇంటర్‌లో గణితం తప్పనిసరి. ఉన్నత విద్య కోరేవారికి 2020 నుంచి గేట్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ ప్రత్యేక పేపర్‌గా ఉంది.

గణితమే గండం: పదో తరగతితో లెక్కలకు స్వస్తి చెప్పిన బైపీసీ విద్యార్థికి మొదటి ఏడాదే కలనగణితం, మాత్రికలు, సంభావ్యత ఎదురవుతాయి. తరగతులు మొదలయ్యేలోగా ఇంటర్ ఎంపీసీ తెలుగు అకాడమీ పుస్తకాలతో వీటి ప్రాథమికాంశాలు నేర్చుకోవడం మేలు.

చేరేముందు: కోర్సు పేరును బట్టి నిర్ణయించుకోరాదు. నాలుగేళ్ల పాఠ్యప్రణాళిక తెప్పించుకుని ప్రోగ్రామింగ్‌కు, ప్రయోగశాలకు, ఆసుపత్రి శిక్షణకు ఎంత స్థానముందో పరిశీలించాలి. కళాశాలకు ఏఐసీటీఈ అనుమతి, విశ్వవిద్యాలయ గుర్తింపు ఉన్నాయో లేదో చూడాలి. ఈ పట్టాతో వైద్యవృత్తి చేపట్టే అర్హత రాదన్న సంగతి తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. రోగికి మేలు చేసే దారులు అనేకం. అందులో ఇదొకటని తెలిసి చేరితే ఫీజూ, నాలుగేళ్ల శ్రమా వృథా కావు.