ఫాల్గుణ బహుళ ద్వాదశి: ఒక నిత్యవ్రతము యొక్క ఆద్యంతములు

తాళ్లపాక అన్నమాచార్యుల అధ్యాత్మ సంకీర్తనలు చెక్కబడిన రాగిరేకుల మొదట ఒక చిన్న శాసనమున్నది. అందు రెండు కాలములు సూచింపబడినవి. శాలివాహన శకము 1346, క్రోధి సంవత్సరమున, ఆచార్యులకు పదునాఱేండ్ల వయస్సులో తిరువేంగళనాథుడు ప్రత్యక్షమయ్యెను. అది మొదలు శకము 1424, దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వఱకు ఆయన స్వామికి సంకీర్తనములను విన్నవించుచునే యుండెను. క్రీస్తు శకమున ఇవి 1424, 1503. ఆ ద్వాదశియే ఆచార్యుల నిర్యాణ తిథిగా నేటికిని పరిగణింపబడుచున్నది.

ఇచట గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆరంభమునకు సంవత్సరము మాత్రమే చెప్పబడినది, మాసము గాని తిథి గాని లేదు. సమాప్తికి మాత్రము మాస పక్ష తిథులన్నియు నున్నవి. కావున ఈ వ్రతము ఆరంభమైన దినమును ఏటేట జరుపుకొన నెవరికిని శక్యము కాదు. అది సముచితమే. పదునాఱేండ్ల బాలుడు తొలిపదము పాడిన నాడు అది 78 సంవత్సరములు నిలుచునని ఎవరెఱుగుదురు? ఆరంభమునకు గౌరవము కొనసాగింపు వలననే సిద్ధించును.

శాసనము లెక్కించినది కాలమును. సంకీర్తనల లెక్కను చెప్పినవాడు పౌత్రుడైన చిన్నన్న. ఆయన ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రమున ఆ సంఖ్య 32 వేలు. దినమునకొక్కటి చొప్పున 78 ఏండ్లకు సుమారు 28,500 మాత్రమే యగును. కనుక దినమునకొకటికి తక్కువ కాకుండుట అను సంప్రదాయ వచనమునకు ఈ గణితము కూడ అనుకూలముగనే యున్నది. 32 వేలు అనునది స్తుతివాక్యమనువారు ఈ లెక్కను ఒక్కమాఱు వేసి చూడవలెను.

మీమాంసకులు కర్మలను నిత్య, నైమిత్తిక, కామ్యములని విభజింతురు. కామ్యమునకు ఫలము లభించిన పిదప నివృత్తి కలదు. నిత్యమునకు అట్టి విరామము లేదు. అగ్నిహోత్రమువలె అది యావజ్జీవము. కవిత్వము సామాన్యముగా స్ఫూర్తి కలిగిన నాడు పుట్టును. అన్నమాచార్యులు దానిని సంధ్యావందనము చెంత నిలిపిరి. స్ఫూర్తి లేని నాడు కూడ స్వామికి నైవేద్యము తప్పదు గదా! వేల సంకీర్తనలలో కొన్ని ఒకే భావమును మరల మరల పలికినవని ఆక్షేపించుట కలదు. నిత్యకర్మలో పునరుక్తి దోషము కాదు.

కుమారుడు పెదతిరుమలాచార్యులు ఆ పదములను రాగిరేకులపై చెక్కించెను. అవి తిరుమల ఆలయములో హుండీ సమీపమునగల చిన్న గదియందు, అనగా సంకీర్తన భాండారమున, నిలిచియుండెను. కాంబెల్ దొర ఆ రేకులను పరిశీలింపజేసి, ఒక వ్యాకరణ గ్రంథము తప్ప తక్కినవన్నియు దేవస్తుతులేయని 1816 నాటి తన తెలుగు వ్యాకరణమున పేర్కొనెను. చేత చిక్కినదేమో ఆయనకు తెలియలేదు. 1922 ప్రాంతమున ఆ రేకులు మరల వెలుగు చూచినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగువారి పరిశ్రమచే అవి క్రమముగా గ్రంథరూపము దాల్చినవి.

నేడు లభించుచున్నవి సుమారు 14 వేలు. అనగా ఆచార్యుల దినములలో సగమునకు పైగా మన చెవికి అందలేదు. ప్రతి సంవత్సరము ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు జరుగు వర్ధంతిలో భక్తులు గోష్ఠిగా పాడునది ఆ మిగిలిన భాగము నుండియే.

దినమునకొక సంకీర్తనమైనను స్వామికి సమర్పింపుమని ఆచార్యులు కుమారుని ఆదేశించిరని సంప్రదాయము. పెదతిరుమలాచార్యుల పదములును, ఆయన కుమారుడు చినతిరుమలాచార్యుల పదములును రాగిరేకులకెక్కి ఆ భాండారముననే చేరినవి.