జాతీయ యువ ఐస్ హాకీ జట్లలో చిన్న వయసు ఆటగాళ్ల ఎంపిక

అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య ఏటా 20 ఏళ్లలోపు వారికీ 18 ఏళ్లలోపు వారికీ వేర్వేరుగా ప్రపంచ పోటీలు నిర్వహిస్తుంది. ఆ పోటీలకు వెళ్లే జట్లలో ఎక్కువమంది వయోపరిమితికి ఆనుకొని ఉన్నవారే కాగా, వారికంటే రెండు మూడేళ్లు చిన్నవాడైన ఆటగాణ్ని వారి సరసన చేర్చుకోవడాన్నే ఇక్కడ చిన్న వయసు ఎంపిక అంటున్నాం. ఆటగాళ్లు మంచు మీద అతివేగంగా జారుతూ, పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల కోసం ప్రత్యర్థిని శరీరంతో ఢీకొనే వీలున్న ఈ ఆటలో 16 ఏళ్ల కుర్రవాడికీ 19 ఏళ్ల యువకుడికీ మధ్య ఎత్తులో, బరువులో, బలంలో ఉండే తేడా తక్కిన చాలా ఆటల్లోకంటే ప్రమాదకరమైనది కాబట్టి, ఈ ఎంపిక నైపుణ్యానికి మాత్రమే కాక బాధ్యతకు కూడా సంబంధించిన విషయం.

20 ఏళ్లలోపు వారి ప్రపంచ పోటీ, అంటే వాడుకలో ప్రపంచ జూనియర్ పోటీ, అధికారికంగా 1977లో మొదలైంది. 18 ఏళ్లలోపు బాలుర పోటీ 1999 నుంచి, బాలికల పోటీ 2008 నుంచి జరుగుతున్నాయి. వయసును పుట్టిన సంవత్సరాన్ని బట్టి లెక్కిస్తారు. ఉదాహరణకు 2023 డిసెంబరులో మొదలై 2024 జనవరిలో ముగిసిన జూనియర్ పోటీకి 2004లో గాని ఆ తరువాత గాని పుట్టినవారు అర్హులు. అందువల్ల జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే ఏటివారిగా నిలుస్తారు గాని, వారిద్దరి ఎదుగుదల మధ్య దాదాపు ఏడాది దూరం ఉంటుంది. చిన్న వయసు అన్న మాటకు ఈ విధంగా రెండు అర్థాలు ఏర్పడుతున్నాయి. ఒకటి పుట్టిన సంవత్సరంలోనే చిన్న కావడం, మరొకటి అదే సంవత్సరంలో ఆలస్యంగా పుట్టడం. మొదటివారి గురించి పత్రికలు విస్తారంగా రాస్తాయి, రెండవవారు జాబితాలకు ఎక్కకుండానే మరుగున పడతారు. ఈ రెండూ వేర్వేరు సమస్యలుగా కనిపించినా, శరీరం ఎదిగే వేగాన్ని క్యాలెండరుతో కొలవడం వల్ల తలెత్తే ఒకే సమస్యకు అవి రెండు కొసలు.

కెనడా అనుభవం

ఈ విషయాన్ని పరిశీలించడానికి కెనడా చరిత్ర అన్నింటికంటే అనువైనది. 1978 పోటీని మినహాయిస్తే, తొలి సంవత్సరాల్లో ఆ దేశం జూనియర్ పోటీకి ప్రత్యేకంగా జాతీయ జట్టును ఎంపిక చేయక, దేశంలో గెలుపొందిన జూనియర్ క్లబ్బునే కొద్దిమంది అదనపు ఆటగాళ్లతో పంపేది. 1981లో ఆ విధంగా వెళ్లిన కార్న్‌వాల్ రాయల్స్ జట్టు ఏడవ స్థానంలో నిలవడంతో, ఏ ఒక్క క్లబ్బుకూ పరిమితం కాకుండా ఉత్తమ ఆటగాళ్లతో జట్టును ఏటా నిర్మించే కార్యక్రమం ఆరంభమైంది. ఆ మరుసటి పోటీలోనే, 1982 జనవరిలో, కెనడాకు తొలి స్వర్ణం దక్కింది. అప్పటినుంచి ఎంపిక ఒక్క రోజు పరీక్షగా కాక, 16, 17 ఏళ్ల వయసులోనే ఆరంభమై అనేక మెట్లుగా సాగే పరిశీలనగా మారింది. 2014 నుంచి కొన్నేళ్లపాటు 17 ఏళ్లలోపు వారి పోటీకి కెనడా ఎరుపు, తెలుపు, నలుపు అనే మూడు జట్లను దింపింది. ఒకే దేశం మూడు జట్లను ఆడించడంలోని ఉద్దేశం గెలుపు కాదు, ఎంపికదారుల కంటికి వీలైనంత ఎక్కువమంది కుర్రాళ్లను కనబడేలా చేయడం. ఆగస్టులో 18 ఏళ్లలోపు వారికి జరిగే హ్లింకా గ్రెట్జ్‌కీ కప్పు, వేసవి శిబిరం, డిసెంబరులో జరిగే తుది శిబిరం ఆ పై మెట్లు.

ఇన్ని మెట్లు ఉన్నప్పటికీ 16 ఏళ్లకే జూనియర్ జట్టులో చోటు సంపాదించినవారు బహు కొద్దిమంది. 1978లో వేన్ గ్రెట్జ్‌కీ 16 ఏళ్ల వయసులో ఆడి, 6 మ్యాచుల్లో 8 గోల్సు చేసి, మరో 9 గోల్సుకు పక్ అందించి, మొత్తం 17 పాయింట్లతో ఆ పోటీలో అందరికంటే ముందు నిలిచాడు. ఐస్ హాకీలో గోల్ చేసినవాడికీ, దానికి ముందు పక్ అందించినవారికీ సమానంగా చెరో పాయింటు లెక్కిస్తారు. 1990లో ఎరిక్ లిండ్రోస్, 2000లో జేసన్ స్పెజ్జా, జే బౌమీస్టర్, 2004లో సిడ్నీ క్రాస్బీ, 2014లో కానర్ మెక్‌డేవిడ్, 2022 పోటీకి కానర్ బెడార్డ్ అదే వయసులో ఎంపికయ్యారు. ఈ పేర్లను వరుసగా చదివితే ఎంపికదారులు ఏనాడూ పొరపాటు పడలేదేమో అనిపిస్తుంది. వాస్తవానికి ఇది ఆ వయసులోనే నిస్సందేహంగా కనిపించిన అసాధారణ ప్రతిభావంతుల జాబితా మాత్రమే. ఇటువంటివారిని గుర్తించడానికి ఎంపిక శాస్త్రం అక్కరలేదు. అసలు కష్టమంతా వీరి తరువాతి వరుసలో ఉంది.

16 ఏళ్లవాడు జట్టులోకి వచ్చిన మొదటి ఏడాదే పతకం తేవాలని ఆశించడం కూడా సరికాదని ఇదే జాబితా తెలుపుతుంది. క్రాస్బీ తొలిసారి ఆడిన 2004లో కెనడా ఫైనల్లో అమెరికా చేతిలో 4-3 తేడాతో ఓడింది, అతడు 5 పాయింట్లు మాత్రమే చేశాడు. మరుసటి ఏడాది అతడితో సహా 12 మంది పాత ఆటగాళ్లు తిరిగి వచ్చిన జట్టు స్వర్ణం గెలిచింది. మెక్‌డేవిడ్ ఆడిన 2014 జట్టు నాలుగవ స్థానంతో తృప్తిపడగా, 2015లో అతడు 11 పాయింట్లతో స్వర్ణ విజయానికి ఊతమిచ్చాడు. లిండ్రోస్, స్పెజ్జా, బౌమీస్టర్ ఒక్కొక్కరు మూడేసి పోటీలు ఆడారు. చిన్నవాణ్ని తీసుకోవడం వల్ల కలిగే ప్రధాన లాభం ఈ తిరిగి రావడమే, ఎందుకంటే 19 ఏళ్లవాడికి ఆ పోటీ ఆఖరిది, అతడు పొందిన అనుభవం జూనియర్ జట్టుకు మళ్లీ ఉపయోగపడదు.

చోటు ఎలా ఖాళీ అవుతుంది

చిన్నవాడి ఎంపిక అతడి ప్రతిభ మీద ఎంత ఆధారపడుతుందో, పెద్దవారి లభ్యత మీద కూడా అంతే ఆధారపడుతుంది. ఉత్తర అమెరికా వృత్తి లీగు అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో అప్పటికే ఆడుతున్న 18, 19 ఏళ్లవారిని వారి క్లబ్బులు జూనియర్ పోటీకి విడుదల చేయవలసిన నిర్బంధం లేదు కనుక, ఒక తరంలోని అత్యుత్తములు తరచు అందుబాటులో ఉండరు. 18 ఏళ్లలోపు ప్రపంచ పోటీ విషయంలో మరో చిక్కు ఉంది. అది ఏప్రిల్‌లో జరుగుతుంది, అప్పటికి కెనడా జూనియర్ లీగుల్లో చివరి అంచె పోటీలు సాగుతూ ఉంటాయి, అందువల్ల మంచి క్లబ్బుల్లోని ఆటగాళ్లు రాలేక, కెనడా ఏటా మిగిలినవారితోనే జట్టు కూర్చుకోవలసి వస్తుంది. ఆ దేశం నిజమైన బలం ఆగస్టులో జరిగే హ్లింకా గ్రెట్జ్‌కీ కప్పులోనే కనబడుతుందని చెప్పడం అతిశయోక్తి కాదు. 2021లో కోవిడ్ వల్ల ఆంటారియో లీగు సీజనే రద్దు కావడంతో ఏప్రిల్ పోటీకి కూడా దాదాపు పూర్తి బలగం దొరికింది. అంత బలమైన జట్టులోనూ 15 ఏళ్ల బెడార్డ్ చోటు సంపాదించి 7 మ్యాచుల్లో 14 పాయింట్లు చేయగా, కెనడా స్వర్ణం గెలుచుకుంది. ఖాళీ అయిన చోటులోకి వచ్చినవాడికీ, పోటీపడి చోటు గెలుచుకున్నవాడికీ గల తేడాకు ఇదే సరైన కొలత.

క్లబ్బు స్థాయిలోనూ చిన్నవారికి ఒక ద్వారం ఉంది. కెనడా జూనియర్ లీగుల్లో సాధారణంగా 16 ఏళ్లు నిండే సీజనులో గాని పూర్తికాలం ఆడనివ్వరు. అంతకు ఒక ఏడాది ముందే అనుమతించడాన్ని అసాధారణ ఆటగాడి హోదా అంటారు. 2005లో జాన్ టవారెస్‌కు తొలిసారి ఈ హోదా దక్కింది, తరువాత మెక్‌డేవిడ్, బెడార్డ్ వంటివారు దాన్ని పొందారు. దీనికి ఆటతో పాటు చదువును, మానసిక పరిణతిని, కుటుంబ పరిస్థితిని కూడా పరిశీలిస్తారు. జాతీయ జట్టు ఎంపికదారులు కూడా ఈ పద్ధతిని అనుసరించడం మేలు.

ఎంచుకున్నాక ఏ పాత్ర ఇవ్వాలి

ఇటీవలి జూనియర్ పోటీల్లో జట్టుకు 22 మంది ఆటగాళ్లు, ముగ్గురు గోల్‌కీపర్లు కలిపి 25 మంది ఉంటున్నారు. వీరు ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెన్స్ ఆటగాళ్ల చొప్పున బృందాలుగా, నిమిషానికి అటూ ఇటూగా మారుతూ మంచు మీదికి దిగుతారు. నాలుగవ బృందానికి దొరికే సమయం తక్కువ, దానికి అప్పగించే పని ఎక్కువగా ప్రత్యర్థిని అడ్డుకోవడం, ఢీకొనడం. నైపుణ్యం కోసం ఎంచుకున్న 16 ఏళ్లవాణ్ని ఆ బృందంలో పడేస్తే అతడి బలం వృథా అవుతుంది, బలహీనత బయటపడుతుంది. ఐదుగురు అయిదుగురితో కాక, ప్రత్యర్థి ఆటగాడొకడు శిక్షగా బయట కూర్చున్న సమయంలో ఆడే పవర్ ప్లేలో ఖాళీ స్థలం ఎక్కువ, ఢీకొట్టుడు తక్కువ. చిన్న వయసు ఫార్వర్డ్‌కు తొలి ఏడాది తగిన చోటు అదే. డిఫెన్స్ ఆటగాళ్లలో ఇంత చిన్నవారు అరుదు, గోల్‌కీపర్లలో మరింత అరుదు. ఆ స్థానాల్లో ఒక్క తప్పు నేరుగా గోలవుతుంది కాబట్టి 16 ఏళ్ల బౌమీస్టర్ డిఫెన్స్ ఆటగాడిగా ఎంపిక కావడం మిగతావారి ఎంపికకంటే సాహసోపేతమైన నిర్ణయంగా పరిగణించదగినది.

పాత్ర సరిగా కుదరకపోతే కలిగే నష్టానికి మారియో లెమ్యూ ఉదంతం నిదర్శనం. 17 ఏళ్ల వయసులో 1983 పోటీ ఆడిన లెమ్యూ, తనను వాడుకున్న తీరుతో అసంతృప్తి చెంది, మరుసటి ఏడాది జాతీయ జట్టుకు ఆడడానికి నిరాకరించాడు, ఆ వివాదం న్యాయస్థానం దాకా వెళ్లింది. అదే సీజనులో అతడు తన క్యూబెక్ క్లబ్బుకు 70 మ్యాచుల్లో 282 పాయింట్లు చేశాడు. అంతటి ఆటగాణ్ని రెండవ ఏడాది కోల్పోవడం కంటే మొదటి ఏడాది పిలవకపోవడమే మేలని వాదించడానికి వీలుంది.

ఒకే ఏడాదిలో చిన్నవారు

1984, 1985 ప్రాంతాల్లో కెనడా పరిశోధకులు, ముఖ్యంగా రోజర్ బార్న్స్‌లీ, అతడి సహరచయితలు, హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలను పరిశీలించగా, ఉన్నత స్థాయి జట్లలో జనవరి నుంచి మార్చి వరకు పుట్టినవారు అధికంగానూ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పుట్టినవారు బహు స్వల్పంగానూ ఉన్నట్లు తేలింది. దీనినే సాపేక్ష వయసు ప్రభావం అంటారు. ఇందులో గ్రహబలమేమీ లేదు. తొమ్మిది పదేళ్ల పిల్లల్లో పదకొండు నెలల పెద్దవాడు ఎత్తుగా, బలంగా ఉంటాడు, శిక్షకుడి కంటికి అది ప్రతిభగా కనబడుతుంది, మంచి జట్టులో చోటు దొరుకుతుంది, ఆ జట్టులో మంచి శిక్షణ, ఎక్కువ మ్యాచులు దొరుకుతాయి, అలా మొదట లేని ప్రతిభాభేదం కొన్నేళ్లకు నిజంగానే ఏర్పడుతుంది. బడిలో చేర్చే తేదీకి అటూ ఇటూ పుట్టిన పిల్లల విషయంలో తల్లిదండ్రులు గమనించేది కూడా ఇదే. 17 ఏళ్ల వయసులో జాతీయ ఎంపికదారుడు శిబిరానికి వచ్చేసరికి జల్లెడ పట్టడం ఎప్పుడో పూర్తయి ఉంటుంది. అతడెంత నిష్పక్షపాతి అయినా, తన ముందుకు రాని కుర్రవాణ్ని ఎంచుకోలేడు.

ఇది ఊహకు సంబంధించిన విషయం కాదని 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం స్పష్టం చేసింది. వృత్తి క్లబ్బులు కొత్త ఆటగాళ్లను వరుసక్రమంలో ఎంచుకునే డ్రాఫ్ట్‌లో చోటు పొందిన కెనడా ఆటగాళ్లను రాబర్ట్ డీనర్ బృందం పరిశీలించగా, తొలి త్రైమాసికంలో పుట్టినవారు 36 శాతం, చివరి త్రైమాసికంలో పుట్టినవారు సుమారు 15 శాతం అని తేలింది. అంతకంటే ముఖ్యంగా, ఒకే స్థానంలో ఎంపికైనవారిని పోల్చి చూస్తే, ఏడాది రెండవ సగంలో పుట్టినవారు వృత్తి జీవితంలో మైలురాళ్లు చేరుకునే అవకాశం, తొలి త్రైమాసికంలో పుట్టినవారికంటే సుమారు రెట్టింపుగా కనబడింది. అంటే అనుభవజ్ఞులైన ఎంపికదారులు కూడా ఆలస్యంగా పుట్టినవారిని ఏటేటా తక్కువగా అంచనా వేశారు.

డ్రాఫ్ట్‌కు వయసు లెక్కించడంలో వాడే గడువు తేదీ సెప్టెంబరు 15 కావడం ఈ లెక్కలను మరింత చిక్కుపరుస్తుంది. అమెరికా ఆటగాడు ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబరు 17న, రష్యాకు చెందిన అలెగ్జాండర్ ఒవెచ్కిన్ 1985లో అదే తేదీన పుట్టడం వల్ల ఇద్దరూ రెండు రోజుల తేడాతో ఒక ఏడాది ఆగవలసివచ్చింది, ఆగిన తరువాత ఇద్దరూ మొట్టమొదటి స్థానంలోనే ఎంపికయ్యారు. డ్రాఫ్ట్ సంవత్సరం ఆధారంగా ఆటగాళ్లను గుర్తుంచుకునే అలవాటున్న ఎంపికదారులకు ఒకే తరగతిలో కనబడే ఇద్దరి మధ్య వాస్తవంగా ఏడాది తేడా ఉండవచ్చు. పుట్టిన తేదీని జాబితాలో పేరు పక్కనే రాసుకోవడం, రెండేళ్ల ఎత్తు, బరువు మార్పులను నమోదు చేయడం, ఎదుగుదల ఉద్ధృతి ముగిసినవాణ్నీ ఇంకా మొదలుకానివాణ్నీ విడివిడిగా అంచనా కట్టడం వంటి పనులకు పెద్ద ఖర్చేమీ కాదు. బాలురలో ఈ ఉద్ధృతి సగటున 14 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది గాని, వ్యక్తుల మధ్య తేడా చాలా ఎక్కువ.

ఇతర దేశాల పద్ధతులు

అమెరికా 1996లో మిచిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో జాతీయ జట్టు అభివృద్ధి కార్యక్రమాన్ని నెలకొల్పి, ఎంపికైన 16 ఏళ్లవారిని రెండేళ్లపాటు ఒకేచోట ఉంచి ఆడించడం మొదలుపెట్టింది. పోటీకి ముందు కొద్ది రోజులు కలిసే జట్టుకంటే ఇది సహజంగానే పటిష్ఠంగా ఉంటుంది, చిన్నవాణ్ని పై జట్టులో కొన్నాళ్లు ఆడించి చూసే వీలు కూడా కలుగుతుంది. 2018లో జాక్ హ్యూస్ 16 ఏళ్ల వయసులో 18 ఏళ్లలోపు ప్రపంచ పోటీలో ఉత్తమ ఆటగాడిగా నిలిచింది ఈ మార్గంలోనే. అయితే 15 ఏళ్లకే తలుపు మూసుకునే ఈ పద్ధతిలో ఆలస్యంగా ఎదిగేవారికి రెండవ అవకాశం తగ్గుతుందన్న అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. స్వీడన్‌లో 1959 నుంచి జిల్లా జట్ల మధ్య జరుగుతున్న టీవీ పుకెన్ పోటీ ఇందుకు భిన్నంగా దేశమంతటినుంచి కుర్రాళ్లను వెలికి తెస్తుంది, కాని అదీ ఇంచుమించు అదే వయసులో జరుగుతుంది.

స్లొవేకియా వంటి చిన్న దేశాల్లో ఆటగాళ్ల సంఖ్యే తక్కువ కాబట్టి చిన్నవారికి పిలుపు సాహసం కాదు, అవసరం. యురాయ్ స్లఫ్కోవ్‌స్కీ 16 ఏళ్లకే 2021 జూనియర్ పోటీ ఆడాడు. మరుసటి ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో 17 ఏళ్ల వయసులో 7 గోల్సు చేసి, కాంస్యం గెలిచిన పెద్దల జట్టులో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. మరోవైపు, పై శ్రేణిలోని పది జట్లలో అట్టడుగున నిలిచిన జట్టు కింది శ్రేణికి జారిపోతుంది కనుక, ఆ భయంతో శిక్షకులు 19 ఏళ్లవారినే నమ్ముకొనే ధోరణి కూడా చిన్న దేశాల్లో బలంగానే ఉంటుంది.

బాలికల హాకీలో యువ పోటీలు ఆలస్యంగా రావడం వల్ల, ప్రతిభ గల చిన్నవారు నేరుగా పెద్దల జట్టులోకి వెళ్లేవారు. హేలీ వికెన్‌హైజర్ 1994లో 15 ఏళ్లకే కెనడా తరఫున మహిళల ప్రపంచ పోటీ ఆడింది. 2008 తరువాత 18 ఏళ్లలోపు జట్టు ఒక నడిమి మెట్టుగా ఏర్పడింది. ఆ తొలి పోటీలో ఆడిన మరీ ఫిలిప్ పూలాన్ రెండేళ్లకే, 18 ఏళ్ల వయసులో, 2010 ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికాపై కెనడా చేసిన రెండు గోల్సూ తానే చేసింది.