మొలలకు ఇంజక్షన్: రహస్యం నుండి శాస్త్రానికి



టెక్కలి నుండి పలాస వెళ్ళే దారిలో గోడల మీద "ఆపరేషన్ లేకుండా మొలలకు ఇంజక్షన్" అన్న రాతలు మీ కంటబడే ఉంటాయి. ఇది వైద్యమా, మోసమా అని నన్ను అనేకులు అడిగారు. ఇది వైద్యమే. అయితే దాని పుట్టుక తెలిస్తే ఆ గోడరాతను ఎలా చదవాలో మీకే బోధపడుతుంది.

సుశ్రుతుడు మొలలకు ఔషధం, క్షారం, అగ్ని, శస్త్రం అనే నాలుగు ఉపాయాలు చెప్పాడు. సూదిమందు చాలా తరువాతిది. 1869లో డబ్లిన్‌లో మోర్గన్ అనే వైద్యుడు ఇనుప లవణాన్ని మొలలోకి ఎక్కించాడు. 1871లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో మిచెల్ అనే ఆయన కార్బాలిక్ ఆమ్లాన్ని ఆలివ్ నూనెలో కలిపి వాడాడు. ఆ మిశ్రమం రహస్యంగానే ఉండి, ఊరూరా తిరిగే వైద్యులకు అమ్ముడుపోయింది. షికాగో శస్త్రవైద్యుడు ఆండ్రూస్ 1879 నాటికి మూడు వేలకు పైగా రోగుల వివరాలు సేకరించాడు. ఎందరికో నయమైంది; కొందరికి తీవ్రమైన నొప్పి, కాలేయానికి హాని కలిగాయి; కొందరు మరణించారు.

తరువాతి వైద్యులు మందును ఉంచుకొని రహస్యాన్ని తొలగించారు. బాదం నూనెలో 5 శాతం ఫినాల్ వాడుకలో స్థిరపడింది. దానిని మొల మొదట్లో, నొప్పి తెలియని పైభాగాన, పొర కింద ఇస్తారు. అక్కడి కణజాలం గట్టిపడి, రక్తప్రసారం తగ్గి, మొల ముడుచుకుంటుంది. ఇది తొలి దశల లోపలి మొలలకే తగినది. బయటి మొలలకు పనికిరాదు. కొంతకాలానికి మొలలు తిరిగి రావచ్చు కూడా.

నా ఉద్యోగకాలంలో ఉద్దానం నుండి ఒక కొబ్బరి రైతు జ్వరంతో, పుండుతో వచ్చాడు. ఎవరో ఇంజక్షన్ చేశారు. ఏ మందు అని అడిగితే, "అడగలేదు బాబూ" అన్నాడు. నూరేళ్ళనాటి రహస్యం మా వార్డులో మళ్ళీ కనిపించింది.

కనుక మూడు ప్రశ్నలు తప్పక అడగండి: మందు పేరేమిటి? గొట్టంతో లోపల చూశారా? నా మొలలు ఏ దశలో ఉన్నాయి? జవాబు రాకపోతే లేచి రండి. రక్తం పడినంత మాత్రాన అది మొలలేనని అనుకోకండి; పేగు క్యాన్సర్‌లోనూ రక్తం పడుతుంది. మూత్రపిండాల జబ్బు పీడిస్తున్న మన ఉద్దానంలో, నొప్పి మాత్రలు సొంతంగా మింగడం మరింత ప్రమాదం.

సిగ్గుపడి దాచుకున్న జబ్బే రహస్య వైద్యుడికి పెట్టుబడి. ప్రభుత్వాసుపత్రి వైద్యుడి ముందు సిగ్గు అక్కరలేదు.