పెదపాడులో 'లో' ఎక్కడ అతకాలి?

పెదపాడు అని తెలుగులో రాస్తే ఒక ద, ఒక డ. ఉర్దూలో రాసినా దాల్ వేరు, డాల్ వేరు. ఇంగ్లీషులో మాత్రం రెంటికీ ఒకటే హర్ఫ్. ఏలూరు పక్కనున్న ఈ ఊరి పేరు కంప్యూటర్‌లో సరిగ్గా రాయాలంటే ఆ ఫరక్ మెషీన్‌కి ఎవరో ఒకరు నేర్పాలి.

నేర్పినవాళ్లు మనవాళ్లే. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక దస్తూర్ తయారుచేశారు. చిన్న 'డీ' కొడితే ద, పెద్ద 'డీ' కొడితే డ. దాని పేరు ఆర్టీఎస్. ఆ రాతను తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాం పేరు రిట్. పరాయి దేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఒకరికొకరు ఇలాగే రాసుకున్నారు. మనిషి సాదా అక్షరాలు కొడతాడు, ముస్తాబు మెషీన్ చేస్తుంది.

ఇది మనకు కొత్త సంగతేం కాదు. ఉర్దూ అఖ్బార్లలో కాతిబ్ చేసింది ఈ పనే. వచ్చిన మజ్మూన్‌లో ఏది సుర్ఖీ, ఏది మామూలు మాట అని చూసుకుని, సుర్ఖీకి వెడల్పు కలం పట్టేవాడు. 1927లో మద్రాసులో మొదలైన 'ముసల్మాన్' పత్రిక, కంప్యూటర్లు వచ్చాక కూడా ఎన్నో ఏళ్లు కాతిబ్‌ల చేతిరాతతోనే వచ్చింది.

వెబ్ సఫాకి కూడా ఒక కాతిబ్ కావాలి. ఎందుకంటే దాని అసలు జుబాన్ హెచ్‌టీఎంఎల్. ప్రతి ముక్కకీ ముందొక ట్యాగు, వెనకొక ట్యాగు. మామూలు మనిషి అందులో రాయలేడు. అందుకని తేలిక నిషానీలు పుట్టాయి. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీ పెట్టాడు. 2004లో జాన్ గ్రూబర్, ఆరన్ స్వార్ట్జ్ సాయంతో మార్క్‌డౌన్ తెచ్చాడు. పంక్తి ముందు ఒక హ్యాష్ గుర్తు పెడితే సుర్ఖీ, మాటకు రెండు వైపులా ఒక్కో నక్షత్రం గుర్తు పెడితే వాలు అక్షరం. ఈ నిషానీలు చదివి హెచ్‌టీఎంఎల్‌గా మార్చే పనిముట్టుని లైబ్రరీ అంటారు. కుతుబ్‌ఖానా కాదు, వేరే ప్రోగ్రాంలు పిలిచి పని చేయించుకునే కోడ్.

అది రెండు విడతలుగా చదువుతుంది. ముందు పంక్తులు చూసి ఏది సుర్ఖీ, ఏది పేరా, ఏది జాబితా అని విడదీస్తుంది. తర్వాత ఒక్కో పేరా లోపలికి వెళ్లి గుర్తులు వెతుకుతుంది. అసలు కష్టం ఈ రెండో విడతలోనే. ఒక మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మెషీన్ తేల్చుకోవాలి.

ఉర్దూలో 'పెదపాడు మే' అంటాం. 'మే' విడిగా నిలబడుతుంది. ఇంగ్లీషులోనూ అంతే. తెలుగులో 'పెదపాడులో' అంటాం. 'లో' ఊరి పేరుకే అతుక్కుంటుంది. మరి పెదపాడుకి లింకు ఇస్తే ఆ 'లో' లింకు లోపలా, బయటా?

2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన తెలుగు వికీపీడియాకి ఈ సవాల్ రోజూ ఎదురయ్యేదే. రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య పెదపాడు అని రాసి, పక్కనే 'లో' రాస్తారు. ఇంగ్లీషు ఖాయిదా ఇంగ్లీషు హర్ఫ్‌లనే గుర్తుపడుతుంది. అందుకని తెలుగు కోసం ఆ సాఫ్ట్‌వేర్‌లో వేరే పంక్తి చేర్చారు. బ్రాకెట్ వెనక తెలుగు అక్షరాలు వస్తే అవీ లింకులోకే చేరతాయి. ఒక్క పంక్తి కోడ్ అది. తెలుగు విభక్తి సంగతి తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి వచ్చింది.

మార్క్‌డౌన్‌లో కథ వేరేలా నడిచింది. వాలు అక్షరానికి నక్షత్రం బదులు అండర్‌స్కోర్ కూడా వాడొచ్చు. గ్రూబర్ మొదటి ప్రోగ్రాంలో కితాబ్ అనే మాటకు అటూ ఇటూ అండర్‌స్కోర్ పెట్టి పక్కనే 'లో' అతికించినా పనిచేసేది. కానీ ప్రోగ్రామర్లు కోడ్‌లో పేర్ల మధ్య అండర్‌స్కోర్ వాడతారు. ఆ పేర్లు చెడిపోతున్నాయని తర్వాత ఖాయిదా మార్చారు. 2014లో వచ్చిన కామన్‌మార్క్ దస్తూర్‌లోనూ అదే ఉంది: మాట మధ్యలో పడ్డ అండర్‌స్కోర్‌కి విలువ లేదు. 'లో' అతుక్కోగానే మన గుర్తు మాట మధ్యలో పడిపోతుంది. వాలు అక్షరం రాదు, అండర్‌స్కోర్లు సఫా మీద అలాగే మిగులుతాయి. నక్షత్రం గుర్తుకి ఈ ఇబ్బంది లేదు, అందుకే తెలుగు రాసేవాళ్లు దాన్నే వాడాలి.

ఇందులో ఎవరి దుష్మనీ లేదు. ఖాయిదా రాసేటప్పుడు ప్రోగ్రామర్ల ఇబ్బంది అక్కడున్నవాళ్లకి తెలుసు, తెలుగువాళ్ల ఇబ్బంది తెలియదు.

కామన్‌మార్క్ దస్తూర్‌లో 600కు పైగా ఉదాహరణలున్నాయి. కొత్త లైబ్రరీ కట్టేవాళ్లు వాటితోనే తమ పనిని పరీక్షించుకుంటారు. ఆ చర్చ అందరికీ ఖుల్లా. మన ఇళ్లలో కోడింగ్ నేర్చుకుంటున్న పిల్లలు తక్కువేం కాదు. అమ్మీతో 'మే' అని, వీధిలో 'లో' అని మాట్లాడే పిల్లలకి ఈ ఫరక్ ఎవరూ చెప్పక్కర్లేదు. లైబ్రరీ వాడటం దగ్గరే ఆగిపోకుండా, అది కట్టేచోట ఒక తెలుగు వాక్యాన్ని పరీక్షకి పెట్టమని వాళ్లకి చెప్పండి.