లష్కర్‌లో గట్టిపడిన బ్రిటిష్ గుర్తింపు

జూబ్లీ బస్ స్టేషన్ దాటి కార్ఖానా మీదుగా తిరుమలగిరి వెళ్లే దారికి అటూ ఇటూ ఇప్పటికీ కంటోన్మెంట్ నేలే. ఒకప్పుడు ఇక్కడ దండు దిగిన తెల్లవాళ్లందరినీ మనవాళ్లు దొరలనే పిలిచారు. ఆ దొరల్లో మాత్రం ఇంగ్లీషువాడు వేరు, స్కాట్‌లాండువాడు వేరు, ఐర్లండువాడు మరీ వేరు. ఇంగ్లండు, స్కాట్‌లాండు కలిసి గ్రేట్ బ్రిటన్ అయింది 1707లో. ఐర్లండును కలుపుకున్నది 1801లో. లష్కర్, అంటే సికింద్రాబాద్, పుట్టేనాటికి బ్రిటిష్ జాతి అనే భావనకు నిండా వందేళ్లు లేవు.

శత్రువుతో పోరే ఆ భావనకు ప్రాణం పోసిందని చరిత్రకారిణి లిండా కాలీ అంటారు. ఆ శత్రువు ఫ్రాన్స్. సికింద్రాబాద్ పుట్టుకే దానికి సాక్ష్యం. నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమాండ్ తయారుచేసిన పెద్ద పటాలం ఉండేది. 1798లో అతను చనిపోయాడు. అదే ఏడు సెప్టెంబరులో ఈస్టిండియా కంపెనీ నిజాంతో సైన్య సహకార ఒప్పందం రాయించుకుంది. అక్టోబరులో ఫ్రెంచి పటాలం చేత ఆయుధాలు దించించింది. ఆ పని నడిపిన రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ మద్రాసులో పుట్టినవాడు, అతని సహాయకుడు మాల్కం స్కాట్‌లాండువాడు. హుస్సేన్‌సాగర్ అవతల వెలసిన దండుకు 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టారు.

సిపాయిల సంగతి అలా ఉంచితే, తెల్ల సోల్జర్లలో ఐర్లండు పేదలు చాలామంది. 1830 నాటికి బ్రిటిష్ సైన్యంలో నూటికి నలభై మందికి పైగా వాళ్లే. వాళ్లలో ఎక్కువమంది కాథలిక్కులు. కాథలిక్కులకు బ్రిటిష్ పార్లమెంటు తలుపు తెరుచుకున్నదే 1829లో! సికింద్రాబాద్‌లో ఆంగ్లికన్ల సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. 1850లో పూర్తయిన కాథలిక్కుల సెయింట్ మేరీస్‌ను కట్టించింది డేనియల్ మర్ఫీ అనే ఐర్లండు ఫాదర్. ఆయన తర్వాత ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌కు వెళ్లి ఆర్చ్‌బిషప్ అయ్యారు. ఒకే రాజుకు సలాం కొట్టినవాళ్లు ఆదివారం పూట వేర్వేరు గుళ్లకు నడిచేవారు.

ఆ కలయిక ఎంత పైపైనిదో ఒక రెజిమెంటు కథ చెబుతుంది. కంపెనీ మద్రాసులో పెంచిన యూరోపియన్ పటాలం 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యుసిలియర్స్‌లో భాగమైంది. 1922లో ఐర్లండు విడివడగానే ఆ రెజిమెంటునే ఎత్తేశారు.

ఇంగ్లండు, ఐర్లండు తేడాలకంటే పెద్ద గీత మరొకటి ఉంది. అది ఇక్కడే, ఇళ్లలోనే గీసింది. తల్లి భారతీయురాలైతే ఆమె కొడుకుకు తన కొలువులో ఉద్యోగం ఇవ్వరాదని కంపెనీ 1791లో నిర్ణయించింది. రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్, అతని భారతీయ భార్య ఖైరున్నీసాల పిల్లలను 1805లో ఇంగ్లండుకు పంపేసి, బాప్తిస్మమిచ్చి పేర్లు మార్చారు. కూతురు నూరున్నీసా కాస్తా కిట్టీ అయింది. తల్లిని ఆమె మళ్లీ చూడలేదు. ఒక జనరల్‌కూ భారతీయ తల్లికీ పుట్టిన విలియం పామర్ నిజాం సైన్యంలో చేరి, తర్వాత హైదరాబాద్‌లో బ్యాంకు పెట్టాడు.

పుట్టిన ఊరు మాత్రం ఎవరికీ అడ్డం కాలేదు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన రొనాల్డ్ రాస్ పుట్టింది అల్మోరాలో. తల్లిదండ్రులిద్దరూ తెల్లవాళ్లు కాబట్టి అతని బ్రిటిష్‌తనాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. 1902లో నోబెల్ అందుకున్నాడు.

స్వాతంత్ర్యం వచ్చాక లాలాగూడ రైల్వే క్వార్టర్లలోని మిశ్రమ సంతతి ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఎన్నో బ్రిటన్‌కూ ఆస్ట్రేలియాకూ తరలిపోయాయి. ఉండిపోయినవాళ్లకు మన రాజ్యాంగం 366వ అధికరణంలో నిర్వచనం ఇచ్చింది. చట్టసభల్లో వాళ్ల నామినేటెడ్ స్థానాలు 2020లో పోయాయి.

బ్రిటన్‌లోనూ ఈ లెక్క తేలలేదు. ఇంగ్లండు, వేల్స్ జనగణన పత్రంలో జాతీయ గుర్తింపు అడిగే చోట ఇంగ్లీష్, వెల్ష్, స్కాటిష్, బ్రిటిష్ గడుల్లో ఎన్నింటికైనా టిక్కు పెట్టుకోవచ్చు. 2021లో సగానికి పైగా జనం ఒక్క బ్రిటిష్ గడినే ఎంచుకున్నారు. సికింద్రాబాద్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ గడి అందుబాటులోనే ఉంది. 1791లో విలియం పామర్ లాంటివాళ్లకు అది దక్కలేదు.